హేమాను ఇంటి పాట

చదువవలసిన భాగములు: 1 సమూ. 2:1–10, 8:1–3, 1 దిన. 6:33, 25:1–8

దావీదు కాలమున యెహోవా మందిర సేవకు ఏర్పడిన గాయకులలో హేమాను ఒకడు. దేవుడు అతనికి 14 మంది కుమారులను, ముగ్గురు కుమార్తెలను అనుగ్రహించెను. వారు తండ్రి చేతిక్రింద పాటలు పాడు సేవ చేసిరి. వంతులకు చీట్లు వేసినప్పుడు పిన్న పెద్ద యను భేదముగాని, గురువు శిష్యుడను భేదముగాని చూపబడలేదు.

ఈ హేమాను ఎవరి మనుమడు? సమూయేలు మనుమడు. ఇతని తండ్రి యోవేలు లంచములు పుచ్చుకొని న్యాయమును త్రిప్పివేసినవాడు. తాత ప్రార్థనాపరుడు, తండ్రి త్రోవ తప్పెను, మనుమడు పాడెను. ఆ వంశమున సమూయేలు తల్లియైన హన్నా మునుపే స్తుతిగానము చేసియుండెను. నడుమ ఒక తరము తప్పిపోయినను దేవుడు ఆ ఇంటిని విడువలేదు.

మన ఇండ్ల సంగతి యేమి? పురుషోత్తమ చౌధరిగారు 19వ శతాబ్దమున రచించిన కీర్తనలు మన అవ్వలకు పుస్తకము లేకయే వచ్చును. మనుమలకు చదువు వచ్చును గాని ఆ రాగములు రావు. క్రిస్మసుకు బిడ్డలందరు ఊరు చేరినప్పుడు, ఒక రాత్రి భోజనమైన పిమ్మట చాపలు పరచి కూర్చుండుడి. అవ్వచేత పల్లవి ఎత్తించి అందరు అందుకొనుడి. పసివారి చేతికి తాళములిండి. స్వరము తప్పినవారిని చూచి నవ్వకుడి. ప్రార్థన మానివేసి అరుగుమీదనే కూర్చున్న కుమారుని గద్దింపకుడి. అతనికి వినబడునట్లు పాడుడి. అతని బిడ్డను మీ ఒడిలో కూర్చుండబెట్టుకొనుడి.

ఆలోచించుడి: మీ ఇంట ఎవరి పాట ఇంకను ఎవరికిని నేర్పబడక యున్నది?