రోమన్ నాణేల పుస్తకాలను వెదికే పద్ధతి



నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1500కు మించి రోమన్ వెండి నాణేలు దొరికాయని చరిత్ర తరగతిలో అందరం వింటాం. తీరా ప్రాజెక్టు రాసే రోజు వచ్చాక ఆ నాణెం గురించి ఏ పుస్తకం తియ్యాలో తోచదు. ఇంట్లో అడుగుదామంటే మనలో చాలామందికి డిగ్రీ చదువు మనతోనే మొదలు. ఎర్రగడ్డ హాస్టల్లో ఉంటూ చరిత్ర చదివే మేము లైబ్రరీల చుట్టూ తిరిగి నేర్చుకున్న పద్ధతిని మీ కోసం ఇక్కడ వివరిస్తున్నాము.

ముందు అల్మారాల సంగతి. డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీలో నాణేల పుస్తకాలు 737 అంకె కింద, ప్రాచీన భారతదేశ చరిత్ర 934 కింద, ప్రాచీన రోము 937 కింద ఉంటాయి. మన విషయం ఈ మూడింటిలోనూ చెదిరి ఉంటుంది. కాబట్టి ఒక్క అల్మారా చూసి "లేదు" అనుకుని వచ్చేయకూడదు.

ఇక పుస్తకాలు రెండు రకాలని గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. ఒక రకం నాణేన్ని ఎవరు, ఎక్కడ ముద్రించారో చెబుతుంది. రెండో రకం అది ఏ ఊళ్ళో దొరికిందో చెబుతుంది.

మొదటి రకంలో పెద్దది 'రోమన్ ఇంపీరియల్ కాయినేజ్'. దీన్ని ఆర్.ఐ.సి. అంటారు. 1923లో మొదటి సంపుటం, 1994లో పదో సంపుటం వచ్చాయి. వరుస చక్రవర్తుల కాలాన్ని బట్టి ఉంటుంది. అంటే ముఖం ఎవరిదో తెలిస్తేనే ఇందులోకి దిగగలం. ముఖం అరిగిపోయి, వెనుక వైపు అక్షరాలు మిగిలితే హెన్రీ కోహెన్ పుస్తకం మేలు. అందులో ఒక్కో చక్రవర్తి నాణేలను వెనుకనున్న రాతను బట్టి అక్షర క్రమంలో పేర్చారు. అది ఫ్రెంచిలో ఉంది గదా అని భయపడనక్కరలేదు, మనకు కావలసింది ఆ వరుసే. అయితే ఒకటి: రోమన్లు 'యు' రాయవలసిన చోట 'వి' చెక్కేవారు. ఇది తెలియకపోతే అగస్టస్ పేరు కూడా చదవలేం.

ఇప్పుడు అసలు తిరకాసు. అగస్టస్ వెండి దినారం ఒకటుంది. దాని వెనుక గైయస్, లూసియస్ అనే ఇద్దరు మనవలు డాళ్ళు, ఈటెలతో నిలబడి ఉంటారు. మన దేశంలో తరచు దొరికే రకమిది. దీని అంకె ఆర్.ఐ.సి. పాత కూర్పులో 350. సదర్లాండ్ సవరించిన 1984 కూర్పులో 207. కోహెన్‌లో 43. నాణెం ఒకటే, అంకెలు మూడు! 1965 నాటి పుస్తకంలో ఆర్.ఐ.సి. అంకె కనబడితే అది పాత కూర్పుదేనని తెలుసుకోవాలి, ఎందుకంటే కొత్తది అప్పటికి పుట్టలేదు. ఆ అంకెతో కొత్త సంపుటం తెరిస్తే వేరే నాణెం వస్తుంది, మన ప్రాజెక్టు మొత్తం తప్పుతుంది. అంకె పక్కన కూర్పు సంవత్సరం రాయని నోట్సు ఉన్నా లేనట్టే అని మా అభిప్రాయం.

సంపుటాలు దొరకకపోయినా నిరాశ పడవద్దు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారు ఈ జాబితాను బొమ్మలతో సహా ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టారు. అగస్టస్, టైబీరియస్ నాణేలకు అందులో ఉన్నవి కొత్త అంకెలే.

రెండో రకంలో మనకు ముఖ్యమైనవి రెండు. పరమేశ్వరీలాల్ గుప్తా రాసిన 'రోమన్ కాయిన్స్ ఫ్రమ్ ఆంధ్రప్రదేశ్' 1965లో హైదరాబాదులోనే అచ్చయింది. పౌలా టర్నర్ రాసిన 'రోమన్ కాయిన్స్ ఫ్రమ్ ఇండియా' 1989లో వచ్చింది. వీటిలో చిక్కంతా ఊళ్ళ పేర్లతోనే. మన వీపనగండ్ల పేరును ఇంగ్లీషులో 'వి'తోనూ రాస్తారు, 'డబ్ల్యు'తోనూ రాస్తారు. రెండు చోట్లా వెదకాలి. పైగా పాత పుస్తకాల్లో అది మహబూబ్‌నగర్ జిల్లా, 2016 తరువాత వనపర్తి జిల్లా. నల్గొండ కూడా అప్పుడే చీలింది. అందుచేత ఊరి పేరు, పాత జిల్లా, కొత్త జిల్లా మూడూ రాసుకోవాలి.

మేము ఒక్కో నాణేనికి ఒక్కో అట్టముక్క పెట్టుకుంటాము. పై వరుసలో దొరికిన ఊరు, ఆ కింద చక్రవర్తి, రెండు వైపులా రాతలు, బరువు, తరువాత కూర్పుతో సహా అంకెలు, గుప్తా పుస్తకంలో పేజీ. అట్టముక్కలను చక్రవర్తుల వరుసలో కాక ఊళ్ళ వరుసలో పేరుస్తాము. చక్రవర్తుల వరుస ప్రపంచంలో ఏ పుస్తకమైనా ఇస్తుంది. మన ఊళ్ళ వరుస మనం పెట్టుకుంటేనే ఉంటుంది. నాణేలు కరిగించినా, ఎవరికో అమ్మినా ముందుగా పోయేది ఆ ఊరి పేరే. (పొలంలో ఇలాంటివి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. సెలవులకు ఊరెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకు చెప్పండి.)

నాణేలను కళ్ళారా చూడాలంటే ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్లో దిగితే చాలు, మధ్యలో రైలు మారే పని లేదు. పక్కనే పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర మ్యూజియం ఉంది.

చివరగా ఒక మాట. కొన్ని నాణేల మీద రోమన్ అక్షరాల్లా కనిపించే గీతలే తప్ప ఏ పదమూ ఉండదు. అవి రోమన్ నాణేలను చూసి మన దేశంలో చేసిన అనుకరణలు. కొన్ని బంగారు నాణేల మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది. అనుకరణలకు ఆర్.ఐ.సి.లో అంకె వెదకడం వృథా శ్రమ. అలాంటి అట్టముక్క మీద అంకెల చోటు ఖాళీగా వదిలి, 'అనుకరణ' అని రాసి, ఆ గీతలు ఉన్నవి ఉన్నట్టుగా పెన్సిలుతో దించుకోండి.