ఏసీ కారుతోందని ఫోనొస్తే

మాచర్ల, గురజాల వైపు ఏసీ మెకానిక్కులకు ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఫోన్లు ఎక్కువగా ‘కూలింగ్ రావట్లేదు’ అనే. తొలకరి పడ్డాక మాట మారుతుంది. ‘అన్నా, ఏసీలోంచి నీళ్లు కారుతున్నాయి, మంచమంతా తడిసిపోయింది’ అంటారు. రెంటచింతల ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కాయిల్ మీద పట్టే నీరు తక్కువ. కాయిల్ కింది ట్రేలో దుమ్ము పేరుకున్నా అప్పుడు బయటపడదు. జూలైలో తేమ పెరిగాక ఒకటిన్నర టన్ను మిషను గంటకు లీటరు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే నీళ్లు దింపుతుంది. వేసవంతా పేరుకున్న దుమ్ము జిగురుగా మారి దారికి అడ్డం పడితే ఆ నీళ్లు గోడ వెంట దిగుతాయి.

అసలు ఏసీ పుట్టిందే తేమ తీయడానికి. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకు కాగితం సాగిపోయి రంగులు సరిగ్గా కుదిరేవి కావు. దానికోసమే విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు ఆ యంత్రాన్ని గీశాడు. నీళ్లు పడుతున్నాయంటే మిషను తన పని చేస్తున్నట్టే. అవి ఎక్కడ దారి తప్పాయో పట్టుకోవడమే మీ పని.

ముందు ఎంసీబీ ఆపండి. ఇండోర్ యూనిట్‌లో సర్క్యూట్ బోర్డు ఉంటుంది, దాని మీద నీళ్లు పడి ఉండొచ్చు. ఆ తరువాత టార్చి వేసి చుక్క ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. గేజీలు బ్యాగులోనే ఉండనివ్వండి. ముందు అంచు నుంచి ధారగా కారితే ట్రే నిండిపోయిందన్నమాట. బ్లోయర్ గాలితో పాటు తుంపర్లు వస్తే కాయిల్ గానీ బ్లోయర్ గానీ మురికి పట్టి ఉంటుంది. మిషను వెనక గోడ చెమ్మగా ఉంటే డ్రెయిన్ పైపు అతుకు ఊడి ఉంటుంది, లేదా రాగి పైపుల మీది ఫోమ్ చిరిగి పైపు చెమరుస్తూ ఉంటుంది.

ట్రే అని అనుమానం వస్తే ఒక గ్లాసు నీళ్లు నెమ్మదిగా ట్రేలో పోసి, ఒకరిని బయట పైపు దగ్గర నిలబెట్టండి. వెంటనే రాకపోతే అడ్డం ఉన్నట్టే. బయటి చివర నుంచి వాక్యూమ్‌తో లాగడం మేలు. లోపలి నుంచి గట్టిగా గాలి కొడితే గోడలో ఉన్న అతుకు ఊడిపోవచ్చు. మన ఊళ్లలో ఇంకో రెండు సంగతులు తప్పక చూడాలి. ఒకటి, పైపు చివర కందిరీగ మట్టి గూడు కట్టడం. రెండోది, మొక్కలకు పోద్దామని పెట్టిన బకెట్. నీళ్లు నిండి పైపు చివర మునిగితే లోపల గాలి బిగిసి నీళ్లు వెనక్కి నిలుస్తాయి. పైపును బకెట్ అంచుకు పైన కట్టండి, బాగు చేయడం అయిపోయినట్టే.

పైపు వాలు మీటరుకు ఒక సెంటీమీటరన్నా ఉండాలి. మధ్యలో ఎక్కడా జారి బొజ్జలాగా వేలాడకూడదు. ఇండోర్ యూనిట్ కింద రసమట్టం పెట్టి చూడండి. ఫిట్టింగ్ రోజే డ్రెయిన్‌కు ఎదురు వైపు వాలినట్టు బిగిస్తే ఎన్నిసార్లు కడిగినా కారడం ఆగదు.

ఇక మంచు. కాయిల్ మీద మంచు కడితే, మిషను ఆపగానే అది కరిగి ఒక్కసారిగా కారుతుంది. ఇక్కడే చాలామంది గ్యాస్ తక్కువైందని చెప్పేస్తారు. ఫిల్టర్ మూసుకుపోయి గాలి ఆడకపోయినా మంచు కడుతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పరిసరాల్లో తెల్ల దుమ్ము, చిలకలూరిపేట మిల్లుల దగ్గర దూది నూగు ఫిల్టర్‌ను తొందరగా కప్పేస్తాయి. గాలి ఆడని మిషనులో మంచు కాయిల్ అంతా పరుచుకుంటుంది, లావు పైపు మీదికీ పాకుతుంది. గ్యాస్ తక్కువైతే కాయిల్‌లో ఒక భాగంలోనే మంచు ఉంటుంది, సన్న పైపు దగ్గర తెల్లగా కనబడుతుంది, గదిలో చల్లదనం తగ్గుతుంది. ఫిల్టర్ కడిగి, మంచు పూర్తిగా కరిగించి, ఒక గంట నడిపాకే గ్యాస్ మాట ఎత్తండి.

గ్యాస్ అరిగేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. ఫ్లేర్ నట్ల మీద సబ్బు నురగ రాసి బుడగ ఎక్కడ వస్తుందో పట్టి, సరిచేసి, వాక్యూమ్ చేసి, నేమ్ ప్లేట్ మీద రాసినంతే తూకం వేసి నింపాలి. లీకు వెతక్కుండా పైపైన నింపితే వచ్చే వేసవికి ఆ ఇంటి నుంచి మళ్లీ ఫోను రావాల్సిందే. కొత్త మిషన్లలో ఉండే ఆర్32 గ్యాస్‌కు అంటుకునే గుణం ఉంది కాబట్టి కిటికీలు తెరిచి, దగ్గర్లో స్టవ్వు, అగరుబత్తి లేకుండా చూసి పని మొదలుపెట్టండి.

ఫోను వచ్చిన ఇంట్లో డ్రెయిన్ మాత్రమే మూసుకుపోయి ఉంటే శుభ్రం చేసిన కూలీ తీసుకోండి. బిల్లు మీద ‘డ్రెయిన్ శుభ్రం, గ్యాస్ బాగుంది’ అని రాసివ్వండి. ఫిల్టర్ తీసి కడగడం ఇంటివాళ్ల చేతే ఒకసారి చేయించి, దుమ్ము ఎక్కువగా ఉన్న ఊళ్లలో రెండు వారాలకొకసారి కడగమని చెప్పండి.