ఇన్సులిన్ పంపు అంటుపట్టీ – చర్మరక్షణ

గత వేసవిలో ఒక తల్లి తన పదమూడేండ్ల కుమార్తెను వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చినది. ఆ బాలిక టైప్-1 మధుమేహమునకు ఇన్సులిన్ పంపు వాడుచున్నది. పొట్టపై పట్టీ వేసిన చోటులన్నిటను ఎర్రని మచ్చలు, దురద, అక్కడక్కడ నీటిపొక్కులు. అంతకు కొన్నాళ్ల ముందు, దురద తగ్గునని తల్లి పట్టీ కింద నేతిలో రంగరించిన పసుపు పూసినది. నేతికి చెమట తోడై ఆ రాత్రి పట్టీ ఊడినది. చర్మములోని సన్నని గొట్టము బయటికి జారినది. తెల్లవారునప్పటికి వాంతులు, ఆయాసము. రక్తములో కీటోనులు పెరిగి బాలికను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినది. "పసుపే కదండీ, ఏం చేస్తుందిలే అనుకున్నాను" అని ఆ తల్లి కన్నీరు పెట్టుకొన్నది.

పసుపును నేను తక్కువ చేయను. కాని ఔషధమునకు చోటు, వేళ ముఖ్యములు. అవి తప్పిన యెడల మేలు చేయవలసిన వస్తువే కీడు చేయును. ఆ చోటును, వేళను తెలుపుటకే ఈ పాఠము.

పంపు పనిచేయు తీరు

పంపులో సాధారణముగా త్వరగా పనిచేసి త్వరగా తీరిపోవు ఇన్సులిన్‌నే వాడుదురు. దీర్ఘకాలము పనిచేయు ఇన్సులిన్ శరీరములో నిలువ ఉండదు. కావున గొట్టము జారినచో కొద్ది గంటలలోనే ప్రమాదము ఏర్పడవచ్చును. గొట్టము జారిన సంగతిని పంపు గుర్తింపలేకపోవచ్చును కూడ. అందుచేత అంటుపట్టీ పట్టుగా ఉండుట ప్రాణరక్షణకు సంబంధించిన విషయము. చర్మమునకు చేయు ఏ ఉపచారమైనను ఆ పట్టును సడలింపరాదు.

బాధ రెండు విధములు

మొదటిది ఒరిపిడి వలన, చెమట వలన, పట్టీని గుంజి తీయుట వలన కలుగు మంట. ఇది పట్టీ ఉన్నంత మేరకే ఉండును. తీసిన ఒకటి రెండు దినములలో తగ్గును.

రెండవది జిగురులోని పదార్థము సరిపడకపోవుట, అనగా అలర్జీ. నెలల తరబడి ఏ బాధయు లేక వాడిన వారికి కూడ ఇది హఠాత్తుగా మొదలుకావచ్చును. దురద అధికము, పొక్కులు లేచి రసి కారును, మచ్చ పట్టీ అంచు దాటి వ్యాపించును, తీసిన తరువాత కూడ దినముల తరబడి నిలుచును.

దీనిని మన పెద్దలు ఎరుగనివారు కారు. పూర్వము చాకలివారు బట్టలకు నల్లజీడి రసముతో గుర్తు పెట్టెడివారు. ఆ చిన్న గుర్తు తగిలిన చోటనే కొందరికి చర్మము పొక్కెడిది. జిగురు విషయము కూడ ఇట్టిదే. 2017లో బెల్జియం, స్వీడన్ వైద్యులు ఒక చక్కెర కొలుచు సెన్సరు వలన కలిగిన అలర్జీకి ఐసోబోర్నైల్ ఆక్రిలేట్ అను పదార్థము కారణమని గుర్తించిరి. అమెరికాలోని చర్మవైద్యుల సంఘమొకటి 2020లో దానినే ఆ ఏటి ముఖ్య అలర్జీకారకముగా ప్రకటించినది. కొన్ని పట్టీలలో వాడు కొలోఫనీ అనునది పైన్ వృక్షపు జిగురు నుండి వచ్చును; అదియు కొందరికి పడదు. ప్రకృతి నుండి వచ్చినదెల్ల నిరపాయము కాదని దీనివలన గ్రహింపవలెను.

చికిత్సలో మొదటి మెట్టు నిదాన పరివర్జనము, అనగా కారణమును తొలగించుట. జిగురు పడని వారికి ఎన్ని లేపనములు పూసినను, అదే జిగురు మరల తగిలినచో బాధ తిరిగి వచ్చును. చర్మవైద్యుని వద్ద ప్యాచ్ టెస్ట్ చేయించుకొని, పడని పదార్థము ఏదో తెలిసికొని, అది లేని పరికరమునకు మారుటయే సరియైన మార్గము.

పట్టీ వేయుటకు ముందు

1. అభ్యంగన స్నానము పాత సెట్టు తీసిన పిదప, కొత్తది వేయుటకు ముందు చేయవలెను. సబ్బుతో నూనె జిడ్డు పూర్తిగా వదలగొట్టి, తడి ఆరనిచ్చి, చెమట పట్టని చల్లని చోట కూర్చుండి పట్టీ వేయవలెను.

2. పట్టీ కింద నూనె, నెయ్యి, పసుపు, గంధము, పౌడరు ఏవియు ఉండరాదు. స్పిరిటు దూదితో తుడిచినచో అది పూర్తిగా ఆరవలెను.

3. సెట్టును సాధారణముగా 2 లేక 3 దినములకొకసారి, తయారీదారు చెప్పిన గడువులో మార్చవలెను. కొత్త చోటు పాత చోటుకు కనీసము అంగుళము దూరముండవలెను. కందిన చోట, గట్టిపడిన చోట వేయరాదు.

4. చర్మమునకు, జిగురుకు నడుమ అడ్డుగా ఉండు పలుచని పొరలు, హైడ్రోకొల్లాయిడ్ పట్టీలు మందుల షాపులలో దొరకును. వైద్యుని సలహాతో వాడవచ్చును. కాని కొన్ని అలర్జీకారకములు ఈ పొరలను దాటిపోవును; అందరికిని ఇవి చాలవు.

తీయునప్పుడు, తీసిన తరువాత

ఇప్పుడు నూనెకు వేళ వచ్చినది. అంచు వెంబడి కొబ్బరినూనె రాసి, కొన్ని నిమిషములు నాననిచ్చి, ఒక చేతితో చర్మమును అదిమిపట్టి, రెండవ చేతితో పట్టీని వెనుకకు మడచుచు మెల్లగా తీయవలెను. పైకి గుంజరాదు.

చర్మము చిట్లనిచో చల్లని తడిగుడ్డ కొంతసేపు వేయవలెను. ఆపై పలుచగా కొబ్బరినూనె గాని, శతధౌత ఘృతము గాని రాయవచ్చును. శతధౌత ఘృతమనగా నూరుమార్లు చన్నీట కడిగిన నెయ్యి. చర్మదాహమునకు సంప్రదాయ వైద్యులు వాడునది. ఏది వాడినను ముందుగా ముంజేతిపై చుక్క రాసి, రెండు మూడు దినములు చూచి, ఏ బాధయు లేనిచో వాడవలెను. రాసిన చోటు పూర్తిగా మానువరకు అక్కడ సెట్టు వేయరాదు.

చేయరానివి

జిల్లేడు పాలు, వెల్లుల్లి ముద్ద, సున్నము ఎట్టి పరిస్థితిలోను పూయరాదు. ఇవి చర్మమును కాల్చును. మధుమేహ రోగుల వ్రణములు కష్టముగా మానునని సుశ్రుతుడు హెచ్చరించినాడు. కావున చిట్లిన చర్మముపై గృహవైద్యము తగదు. చీము, వేడి, నొప్పి, వ్యాపించు ఎరుపు, జ్వరము కనిపించినచో ఆ దినమే వైద్యుని చూడవలెను.

దద్దుర్లకు భయపడి ఇన్సులిన్ ఆపరాదు. పంపు వేయుటకు వీలుకానిచో వైద్యుడు నిర్ణయించిన మోతాదులో పెన్ లేక సిరంజితో ఇన్సులిన్ తీసికొనవచ్చును. వీనిని, కీటోను పరీక్ష పట్టీలను ఇంట సిద్ధముగా ఉంచవలెను. కారణము తెలియక చక్కెర 250 దాటి తగ్గనిచో కీటోనులు పరీక్షించి, వైద్యుడు చెప్పిన మోతాదు ఇంజెక్షనుగా తీసికొని, సెట్టు మార్చవలెను. వాంతులున్నచో ఆసుపత్రికి పోవలెను. టైప్-1 మధుమేహమునకు ఇన్సులిన్ స్థానములో నిలువగల మూలిక ఏదియు లేదు. ఆయుర్వేద వైద్యుడనైన నేనే ఈ మాట చెప్పుచున్నాను.

ఆ బాలికకు ప్యాచ్ టెస్టులో ఐసోబోర్నైల్ ఆక్రిలేట్ పడదని తేలినది. చర్మము మానువరకు ఇంజెక్షన్లు తీసికొని, పిదప వేరే జిగురు గల సెట్టుకు మారినది. ఆ తల్లి ఇప్పుడును ఇంట కొబ్బరినూనె సీసా ఉంచుకొన్నది. సెట్టు తీయు దినమున మాత్రమే దాని మూత తీయుచున్నది.