ఫిజిక్స్ చదివితే ఆస్పత్రిలో ఏం పని?

ఇంటర్ గ్రూపు ఎంచుకునే వేళ చాలా ఇళ్లలో వినిపించే లెక్క ఇది: ఆస్పత్రిలో కొలువంటే బైపీసీ, నీట్, ఎంపీసీ అంటే ఇంజినీరింగ్. ఈ రెండే గదులు, మూడోది లేదు. ఈ లెక్క తప్పు. మెదడు కణితులకు రేడియోసర్జరీ చేసే ఏ ఆస్పత్రికైనా వెళ్లి, ఆ యంత్రం ఈ రోజు రోగి మీద వాడటానికి పనికొస్తుందని తేల్చేది ఎవరో అడగండి. ఫిజిక్స్‌లో పీజీ చేసిన మెడికల్ ఫిజిసిస్ట్ అని చెబుతారు. ఆ వ్యక్తి నీట్ రాసి ఉండనక్కర్లేదు.

కత్తి పెట్టకుండా, పుర్రె తెరవకుండా, సన్నటి కిరణాలను అనేక దిక్కుల నుంచి ఒకే చోట కలిపి కణితిని దెబ్బతీయడమే స్టీరియోటాక్టిక్ రేడియోసర్జరీ. స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1951లో ఈ ఆలోచనను లోకం ముందు పెట్టారు. ఇప్పుడు గామా నైఫ్, సైబర్‌నైఫ్, లీనియర్ యాక్సిలరేటర్లతో ఈ చికిత్స చేస్తున్నారు. మామూలు రేడియోథెరపీలో రోజుకు సుమారు 2 గ్రే (కణజాలానికి అందే రేడియేషన్ డోసుకు కొలమానం) చొప్పున వారాల తరబడి ఇస్తారు. ఇక్కడ కణితికి ఒకే సిట్టింగులో 12 నుంచి 24 గ్రే దాకా ఇస్తారు. ముఖంలో భరించలేని పోటు తెప్పించే ట్రైజెమినల్ న్యూరాల్జియాకైతే సుమారు 80 గ్రే దాకా వెళ్తారు. పక్కనే కంటినరం, మెదడు కాండం ఉంటాయి. గురి తప్పితే రేపు సర్దుకుందామనడానికి రెండో సిట్టింగ్ ఉండదు.

అందుకే ఈ యంత్రాల మీద తనిఖీ అంత కఠినం. ఉదయం మొదటి రోగి రాకముందే ఫిజిక్స్ బృందం పని మొదలవుతుంది. తలుపు తెరవగానే కిరణం ఆగుతోందా, ఎమర్జెన్సీ స్టాప్ పనిచేస్తోందా, గదిలోని రేడియేషన్ మానిటర్ సరిగా చూపుతోందా, డోసు లెక్కకు సరిపోతోందా అన్నీ చూస్తారు. లీనియర్ యాక్సిలరేటర్‌కైతే విన్‌స్టన్-లుట్జ్ పరీక్ష ఉంటుంది. చిన్న లోహపు గుండును యంత్రం కేంద్రబిందువులో పెట్టి, వివిధ కోణాల నుంచి కిరణం పంపి చిత్రాలు తీస్తారు. గుండు, కిరణం మధ్య తేడా 1 మిల్లీమీటరు దాటితే ఆ రోజు చికిత్స ఆగినట్టే. గామా నైఫ్ తీరు వేరు. ఇప్పటి మోడళ్లలో ఉండే 192 కోబాల్ట్-60 సోర్సుల బలం నెలకు సుమారు 1 శాతం తగ్గుతుంది. దాన్నిబట్టి చికిత్స సమయాన్ని సవరించుకుంటూ పోవాలి. కోబాల్ట్‌ను స్విచ్ నొక్కి ఆర్పలేం. కాబట్టి రోగి ఉన్న బల్ల మధ్యలో ఇరుక్కుంటే చేత్తో ఎలా బయటికి లాగాలో బృందమంతా ముందే సాధన చేస్తుంది.

ఈ జాగ్రత్తలో ఒక్క మెట్టు జారితే ఏమవుతుందో రెండు ఉదంతాలు చెబుతాయి. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో 2006-07లో 145 మందికి పొరపాటు డోసుతో రేడియోసర్జరీ జరిగింది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2004 నుంచి 2009 మధ్య 76 మందికి దాదాపు 50 శాతం ఎక్కువ డోసు పడింది. రెండు చోట్లా యంత్రం చెడిపోలేదు. సన్నటి కిరణాన్ని కొలవడానికి దానికి తగనంత పెద్ద డిటెక్టర్ వాడారు. లారీలు తూచే వేబ్రిడ్జి మీద బంగారం తూచినట్టన్నమాట. కొలత తక్కువ చూపింది, ఆ లెక్కన డోసు ఎక్కువ ఇచ్చారు. మరొకరు మరో పరికరంతో విడిగా కొలిచి చూసుంటే తప్పు ముందే బయటపడేది.

మన కోచింగ్ చదువుతో నాకున్న పేచీ ఇక్కడే. నిమిషానికో ప్రశ్న, రానిది వదిలెయ్, ముందుకు పో అని రెండేళ్లపాటు పిల్లలకు నూరిపోస్తాం. ఈ వృత్తికి కావలసింది రానిదాని దగ్గరే ఆగిపోయే మొండితనం. అంకె కాస్త తేడాగా ఉంటే మళ్లీ కొలవాలి. అనుమానం తీరకపోతే సీనియర్ సర్జన్ ఎదుట నిలబడి ‘ఇవాళ వద్దు సార్’ అనగలగాలి. వారాంతపు పరీక్షలో మార్కు తగ్గిందని తిట్లు తినే పిల్లలు మొదట నేర్చుకునేది తప్పును దాచడం. రేడియేషన్ గదిలో ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది.

అర్హతల సంగతి క్లుప్తంగా: ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత రేడియలాజికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా, లేదా బీఎస్సీలో ఫిజిక్స్ ప్రధానంగా చదివాక ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్, ఆపై గుర్తింపు ఉన్న రేడియోథెరపీ విభాగంలో ఏడాది ఇంటర్న్‌షిప్.

రెండు దారుల్లో నా ఓటు మొదటిదానికే. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) నడిపే ఏడాది డిప్లొమాలో స్టైపెండ్ ఇస్తారు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఒకవేళ రాకపోయినా ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేతిలో ఉంటుంది, బోధనకో పరిశోధనకో పనికొస్తుంది. అన్నా యూనివర్సిటీ, వెల్లూరు సీఎంసీ వంటి చోట్ల ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ ఉంది. కొలువులో చేరాక రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్ పరీక్ష కూడా పాసైతే బాధ్యత, విలువ రెండూ పెరుగుతాయి.

ఇక ఉచ్చుల సంగతి. ‘మెడికల్’, ‘రేడియేషన్’ అన్న పదాలు బోర్డు మీద కనిపించగానే ఫీజు కట్టేయకండి. రేడియోథెరపీ టెక్నాలజీ, ఇమేజింగ్ టెక్నాలజీ మంచి కోర్సులే కానీ అవి చదివితే అయ్యేది టెక్నాలజిస్ట్, ఫిజిసిస్ట్ కాదు. అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, గుర్తించిన కోర్సుల జాబితాను మీరే చూసుకోండి. ఇంటర్న్‌షిప్ ఎక్కడ, స్టైపెండ్ ఇస్తారా, ఎదురు డబ్బు అడుగుతారా అన్నది కాలేజీతో కాగితం మీద రాయించుకోండి. బైపీసీతో నీట్ లాంగ్‌టర్మ్‌లో ఏళ్లు పోగొట్టుకున్నాక ఇటు వద్దామంటే గణితం అడ్డుపడుతుంది. లాంగ్‌టర్మ్‌కు మళ్లీ డబ్బు కట్టే ముందే ఆ సంగతి ఆలోచించాలి.

అమెరికా మోజు మరో ఉచ్చు. అక్కడ బోర్డు సర్టిఫికేషన్ కావాలంటే మెడికల్ ఫిజిక్స్ శిక్షణకు గుర్తింపునిచ్చే సంస్థ క్యాంపెప్ ఆమోదించిన రెసిడెన్సీ (ఆస్పత్రిలో శిక్షణ) పూర్తి చేయాలన్న నిబంధన 2014 నుంచి ఉంది. ఆ సీట్లకు గట్టి పోటీ. ఎమ్మెస్ సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీ రెసిడెన్సీ మాట ఎత్తదు. ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఆ ప్రశ్న మీరే అడగండి.

ఆడపిల్లను రేడియేషన్ దగ్గరికి పంపాలా అని కొందరు తల్లులు జంకుతారు. సిబ్బంది ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి ఎంత డోసు సోకిందో నమోదు చేస్తుంది. పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు. గర్భం ధరించినట్టు తెలియజేస్తే బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ మించకుండా పని మార్చాలి. నియమాలు పాటించే చోట భయానికి తావు లేదు, పాటించని చోట మగపిల్లాడినీ పంపొద్దు.

మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌తో తూగకపోవచ్చు. రోగులు వెళ్లాక రాత్రిపూట, సెలవు రోజుల్లో కొలతలు తీయాల్సి వస్తుంది. ఉద్యోగాలు వేలల్లో ఉండవు. కానీ మెడికల్ ఫిజిసిస్ట్ లేకుండా రేడియోథెరపీ కేంద్రం నడపడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఎంపీసీలో ఉండి, ఫిజిక్స్ ల్యాబులో రీడింగ్ కుదరకపోతే అంకెలు కల్పించకుండా మళ్లీ తీసే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, వాళ్ల ర్యాంకు మాట కాసేపు పక్కన పెట్టండి. దగ్గర్లోని క్యాన్సర్ ఆస్పత్రిలో అనుమతి తీసుకుని ఫిజిక్స్ విభాగం వాళ్లతో ఒక పూట మాట్లాడించండి. నిర్ణయం పిల్లల్నే చేసుకోనివ్వండి.