పెనుకొండలో పెరిగిన కవి

సెలవులకు హిందూపురంలో రైలెక్కి ధర్మవరం దాకా పోతాము కదా, నడుమ పెనుకొండ వస్తుంది. కిటికీలోంచి పెద్ద కొండ కనిపిస్తుంది. ఆ కొండ కింద చదువుకున్న పండితుని గురించి ఈ నెల రాస్తున్నాను.

ఆయన పేరు పుట్టపర్తి నారాయణాచార్యులు. 1914 మార్చి 28న అనంతపురం జిల్లా చియ్యేడులో జన్మించారు. చిన్నప్పటి చదువు పెనుకొండలో సాగింది. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజులు పెనుకొండను రాజధాని చేసుకున్నారు. తర్వాత ఆ వైభవమూ పోయింది. గగన్ మహల్, కోట గోడలు మిగిలాయి. మనమైతే చూసి, ఫోటో దిగి వచ్చేస్తాము. ఆయన అవి చూసి బాధపడి, ఇంచుమించు మన ఈడులోనే "పెనుగొండ లక్ష్మి" అనే కావ్యం రాసేశారు! పెద్దయ్యాక విద్వాన్ పరీక్షకు కూర్చుంటే అందులో ఆ పుస్తకమే పాఠం. తాను రాసింది తానే చదివి పరీక్ష రాయాల! తెలుగు సార్ ఇది చెప్పినప్పుడు క్లాసంతా నవ్వినాము.

పెనుకొండలో ఉన్నప్పుడే పిట్ అనే దొరసాని దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదివారు. సంగీతం, భరతనాట్యం కూడా నేర్చుకున్నారు. మగపిల్లాడు నాట్యం నేర్చుకోవడం నాకు వింతగా అనిపించింది. కానీ ఆయన "శివతాండవం" గట్టిగా చదివి చూడండి. సగం మాటలకు నాకు అర్థం తెలియదు, అయినా కాలు ఊరుకోదు.

కడపలో చాలా ఏళ్ళు పంతులుగా పనిచేశారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1990 సెప్టెంబరు 1న కన్నుమూశారు. ఆయనకు పద్నాలుగు భాషలు వచ్చంట. విశ్వనాథ సత్యనారాయణ గారి "ఏకవీర"ను మలయాళంలోకి మార్చింది ఆయనే.

పద్నాలుగు భాషలు అన్న చోట నేను చాలాసేపు ఆగిపోయాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు, గోర్ బోలి. అమ్మను యాడి అంటాము. ఇక్కడికి రాకముందు, ఇంకో బడిలో "మా ఇల్లు" అనే వ్యాసంలో రొట్టె అని రాయకుండా బాటి అని రాశాను. ఎర్ర ఇంకుతో కొట్టేశారు. అందరూ నవ్వారు. అప్పటినుంచి గైడులో ఉన్నది చూసి రాయడమే గానీ సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు. ఈ వ్యాసమే మొదటిది.

మా తండా వెనక కూడా ఒక గుట్ట ఉంది. కోట లేదు. మా తాత ఆవులు తోలుకుపోయిన దారి ఉంది. యాడి ధర్మవరంలో పట్టుదారం చుట్టే కూలికి పోతుంది, చదువు రాదు. పోయిన సెలవుల్లో రాత్రిపూట ఆమె చెప్తుంటే ఆ గుట్ట గురించి నేను రాసుకున్నాను. రెండు పేజీలు అయింది. అందులో బాటి అనే మాట మూడుసార్లు వచ్చింది. కొట్టేయలేదు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని