తొలి వాక్యం - దాని ప్రాముఖ్యం



మన పెద్దలు ఉత్తరం వ్రాస్తే "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, ఇంటిల్లిపాది క్షేమం అడిగి, వానల సంగతి చెప్పి, ఆ తర్వాత గాని అసలు విషయానికి వచ్చేవారు కాదు. శాసనాలు చెక్కించిన రాజులదీ అదే వరస. ముందు "స్వస్తిశ్రీ", ఆపైన శక సంవత్సరం, బిరుదులు, చిట్టచివరికి దానం చేసిన భూమి సంగతి. వారిది తప్పు అనను. చేతికొచ్చిన ఉత్తరాన్ని ఆఖరి అక్షరం దాకా చదివేవారు. రాయి ఎక్కడికీ పోదు గదా!

ఈనాటి పరిస్థితి వేరు. ఉద్యోగం కోసమైనా వ్యాపారం కోసమైనా మనం వ్రాసేది చదివేవాడి బొటనవేలి కింద జారిపోయే రాత. 2003లో మొదలైన లింక్డిన్‌నే తీసుకోండి. అందులో ఒక పోస్టుకు 3,000 అక్షరాల దాకా చోటుంది. కానీ ఫోనులో మొదట కనబడేది ఇంచుమించు మూడు వరుసలే. మిగతాది చదవాలంటే వాడు వేలితో నొక్కి తెరవాలి. ఆ మూడు వరుసలే మన గడప.

తెలుగులో వ్రాసేవారు ఇంకొక చిక్కు గమనించాలి. మనకు "స్త్రీ" ఒకే అక్షరం. కంప్యూటరు వాడే యూనికోడు లెక్కలో అది ఆరు. వత్తులు, గుణింతాలు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. కాబట్టి పెద్ద సమాసాలతో మొదలుపెడితే గడప దగ్గరే చోటు అయిపోతుంది.

మరి ఆ కొద్ది చోటులో ఏం పెట్టాలి? నేను చెప్పదలచినది ఒక్కటే. మనిషిని కాదు, పనిని ముందు పెట్టండి.

ఆళ్లగడ్డనే చూడండి. అక్కడి శిల్పుల చేతి విగ్రహాలు ఎన్నో రాష్ట్రాల గుళ్లకు, విదేశాలకు కూడా పోతాయి. విగ్రహం గుడికి చేరుతుంది, చెక్కినవాడి పేరు చేరదు. మధ్యలో ఎవరైనా ఉంటే లాభంలో ఎక్కువ పాలు అక్కడే ఆగుతుంది. ఇప్పుడు ఆ ఇండ్ల పిల్లలు చదువుకొని, ఫోను చేతబట్టి, కొనేవారితో నేరుగా మాట్లాడగలరు. కానీ ఇట్లా మొదలుపెడితే ఏం లాభం?

"అందరికీ నమస్కారం. మేము సుప్రసిద్ధ శిల్పులము. అన్ని రకముల విగ్రహములు సరసమైన ధరలకు చేయబడును."

ఈ మాట ఏ ఊరివాడైనా వ్రాయవచ్చు. దాని బదులు ఇట్లా వ్రాసి చూడండి:

"అయిదడుగుల ఆంజనేయస్వామి విగ్రహం. రాయి ఎంపిక నుంచి కండ్లు దిద్దే దాకా ప్రతి దశా మా ఆళ్లగడ్డ పనిచోటు ఫొటోలలో చూడండి."

ఇందులో సొంత పొగడ్త లేదు. కొలత ఉంది, ఊరుంది, పని ఉంది. గుడి కట్టించే పెద్దమనిషి ఆగి చూస్తాడు.

వ్యవసాయం చదివిన మిత్రుడొకడు ఉద్యోగానికి వ్రాస్తున్నాడనుకుందాం. "నేను కష్టపడి పనిచేసే తత్వం గలవాడను" అంటే ఎవరు నమ్ముతారు? మన నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. ధీర అనే ఎన్.బి.ఇ.జి. 47 శనగ రకం అక్కడిదే. మామూలు శనగ పొట్టిగా ఉండి యంత్రానికి అందదు. ఇది నిటారుగా, ఎత్తుగా పెరిగి కోత యంత్రానికి అందుతుంది. వాడు నిజంగా ఆ పంట మీద పనిచేసి ఉంటే, "యంత్రంతో కోసే శనగ మన నంద్యాలలో పుట్టింది. ఆ చేలలో నేను నేర్చుకున్నవి మూడు" అని మొదలుపెట్టవచ్చు. ఆ మూడూ ఏమిటో తెలుసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది.

కొందరు మిత్రులు ఇంకొక దారి చెబుతారు. "నా బతుకు నాశనమైంది!" అని కేకపెట్టి, లోపల చూస్తే ఏదో కోర్సు ప్రకటన. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్లు! అట్లాంటిది ఒకసారి తెరుస్తారు, రెండోసారి మన పేరు చూడగానే దాటిపోతారు. తొలి వాక్యం ఇచ్చిన మాట. లోపలి రాత ఆ మాట నిలబెట్టాలి.

అందుకే తొలి వాక్యాన్ని చివర వ్రాయమని నా సలహా. ముందు అంతా వ్రాయండి. అందులో అన్నిటికన్నా బరువైన సంగతి సాధారణంగా నాలుగో వాక్యంలోనో అయిదో వాక్యంలోనో దాక్కొని ఉంటుంది. దాన్ని పైకి తెండి. నమస్కారాలు, బిరుదులు కిందికి దించండి. ఊరు, అంకె, చేసిన పని - ఈ మూడింటిలో రెండైనా పైన ఉన్నాయా అని చూసుకోండి. తర్వాత మొదటి మూడు వరుసలు మాత్రమే ఉంచి మిగతాది చేతితో మూసి, మీ పని తెలియని వారికెవరికైనా చూపి, "ఇందులో ఏముంటుందనుకుంటావప్పా?" అని అడగండి. వారు సరిగా చెప్పి, "ఏదీ, చెయ్యి తీయి" అంటే మీ రాత గడప దాటినట్లే.

మన సీమ పిల్లలకు పనిలో కొదవ లేదు, చెప్పుకోవడంలోనే బిడియం. తన్ను తాను పొగుడుకోరాదని పెంచినారు మనల్ని. ఆ మర్యాద వదలనక్కరలేదు. చేసిన పనిని చేసినట్లు చెప్పడం పొగడ్త కాదు. అది చెప్పకపోతే మన పనికి ఇంకొకరి పేరు పడుతుంది.