బుట్ట అల్లికలో అయస్కాంతము

ఎలక్ట్రానులు ఒకదానినొకటి వికర్షించుకొనును. అట్టివి అయస్కాంతములో ఒకే దిక్కునకు తిరిగి నిలుచు టెట్లు? దీనికి గల సమాధానములలో ఒకదానిని వెదురుబుట్ట సాయమున తెలుపుచున్నాము.

కొన్ని బుట్టలలో ఆరుకోణముల కన్నులును, వాని చుట్టును త్రికోణములును కనబడును. జపానువారు దీనిని 'కగోమె' యందురు. 'కగొ' యనగా బుట్ట. 'మె' యనగా కన్ను. 1951లో ష్యోజి అను జపాను శాస్త్రజ్ఞుడు అయస్కాంతములను గూర్చిన తన గణితవ్యాసములో ఈ పేరునే వాడెను.

బద్దలు కలియుచోట్ల పరమాణువు లున్నవనుకొందము. ఎలక్ట్రాను తరంగమువలె ఒకచోటినుండి మరొకచోటికి వ్యాపించును. దాని చలనమునుబట్టి శక్తి మారును. ఈ శక్తుల వరుసయే 'శక్తిపట్టీ'. ఇప్పుడొక కన్ను చుట్టునున్న ఆరు పరమాణువులపై ధన, ఋణ గుర్తులను ఒకటి విడిచి ఒకటిగా వ్రాయుడు. వెలుపలి త్రికోణపు కొనకు ధనతరంగ మొకటి, ఋణతరంగ మొకటి సమానముగా చేరి సున్న యగును. ఎలక్ట్రాను ఆ కన్ను దాటి పోజాలదు. ఏ కంటిలో నున్నను శక్తి యొకటే; కనుక పట్టీ బల్లపరుపుగా నుండును.

ప్రక్కప్రక్క కన్నులకు ఒక పరమాణువు ఉమ్మడిగా నున్నది. అచ్చట రెండు ఎలక్ట్రానులు ఎదురైనచో వికర్షణ కలుగును. కాని ఒకే దిక్కునకు తిరిగిన రెండు ఎలక్ట్రానులు ఒకే స్థానమున నుండరాదని 1925 నాటి పౌలీ నియమము. కావున ఒకే దిక్కునకు తిరిగినచో ఆ బాధ తప్పును. సామాన్యలోహములో ఇట్లు తిరుగుటకు కొన్ని ఎలక్ట్రానులు పై శక్తిమెట్లు ఎక్కవలసియుండును. బల్లపరుపు పట్టీలో మెట్లే లేవు! అట్టి పట్టీ అన్నిటికంటె అడుగున నుండి సగము నిండినచో, వికర్షణ యెంత స్వల్పమైనను ఇట్టి అల్లికలు అయస్కాంతము లగునని 1991లో మీల్కె నిరూపించెను. 1992లో టసాకి మరికొన్ని అల్లికలకు అట్లే నిరూపించెను.

అయినను, ఇంటనున్న ఇనుప అయస్కాంతమునకు ఇదియే కారణమని తలంపరాదు. నమూనా వేరు, పదార్థము వేరు. నిజపదార్థములలో పట్టీ పూర్తిగా చదును కాదు. అయినను నమూనా వెదకవలసిన దారి చూపును. రెండు గ్రాఫీను పొరలను సుమారు 1.1 డిగ్రీలు త్రిప్పి పేర్చినచో పట్టీ చదునగునని 2011లో లెక్క తెలిపెను. 2019లో అట్టి పొరలలో అయస్కాంతత్వము కనబడెను.

అభ్యాసము: ఆరు పరమాణువులపైనను ధనగుర్తులే వ్రాసినచో వెలుపలి కొనయందు ఏమి జరుగును? తల్లిదండ్రులును పిల్లలతో కూర్చుండి పటము గీసి చూడవలెనని మా కోరిక.